చప్పుడు లేని గుండె

లైబ్రరీ వెనక బైండింగ్ గది,
ఫిబ్రవరి 9

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నిన్న గుండె డాక్టరుగారి దగ్గరికి వెళ్ళొచ్చాను. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం ఎందుకొస్తోందో తేలింది. గుండెలో ఒక తలుపు సరిగా మూసుకోవడం లేదట. నెత్తురు ముందుకు పోయినట్టే పోయి వెనక్కి వచ్చేస్తోందట. "ఇంకో ఏడాది ఇలాగే వదిలేస్తే మెట్ల సంగతి దేవుడెరుగు, మంచం కూడా దిగలేరు" అన్నారు. ఆ తలుపు తీసేసి కొత్తది వెయ్యాలి. దాన్ని వాల్వు అంటారు. నాకు పెద్దగా భయం వెయ్యలేదు. రోజూ కుట్లు ఊడిన పుస్తకాలు విప్పి మళ్ళీ కుట్టేదాన్ని, నన్నూ అలాగే కుడతారు అనుకున్నాను.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను. వాల్వులు రెండు రకాలు. ఒకటి లోహంతో చేసింది. ఇంకొకటి పంది గుండెలోంచి తీసి, శుభ్రం చేసి, మనిషికి కుట్టేది. డాక్టరుగారు ఆ మాట ఎంత మామూలుగా చెప్పారంటే, సరిగా విన్నానో లేదోనని మళ్ళీ అడిగాను. "అవునమ్మా, దాని గుండె మన గుండెకి చాలా దగ్గరగా ఉంటుంది" అని నవ్వారు.

నాకు లోహందే కావాలి. ఇది నీకు ఫోన్‌లో చెప్తే వినబడదు. మరదలికి చెప్తే, తను నీ చెవిలో అరిచేలోపు సగం మాటలు మారిపోతాయి. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. రేపు నేను మత్తులో ఉంటే నా తరఫున మాట్లాడాల్సింది నువ్వే.

ఎందుకని అడుగుతావు. టీచరమ్మ గుర్తుందా నీకు? నా కుంటి బాతు. కాలికి పుల్ల పెట్టి, నా ఎర్ర రిబ్బను చింపి కట్టి బతికించాను. మెడ నిటారుగా పెట్టి ఊగుతూ బడి దాకా నా వెనకే వచ్చేది. పిల్లలందరూ లేచి నిలబడి "నమస్తే టీచరమ్మా" అనేవాళ్ళు. నిజం టీచరమ్మకి కోపం వచ్చేది. అప్పుడు నీకు ఆరేళ్ళు, నాకు పది. నీకు టైఫాయిడ్ తగ్గి, ఒంటిమీద ఎముకలు తప్ప ఏమీ మిగలని రోజులు. ఒకరోజు నేను బడినుంచి వచ్చేసరికి బాతు లేదు. "ఎవరైనా పట్టుకుపోయారేమో" అన్నాడు నాన్న. ఆ సాయంత్రం అమ్మ నా చేతిలో గిన్నె పెట్టి, "తమ్ముడికి నువ్వు పట్టించమ్మా, నీ చేత్తో అయితే తాగుతాడు" అంది. చెంచా చెంచాగా ఊది పట్టించాను. నువ్వు "రుచిగా ఉందక్కా, ఇంకొంచెం" అన్నావు. ఎంత సంతోషమేసిందో. మర్నాడు పెరట్లో బొగ్గుల బస్తా వెనక పుల్లకట్టు దొరికింది, ఎర్ర రిబ్బనుతో సహా.

అమ్మనీ నాన్ననీ నేను ఏమీ అడగలేదు. నువ్వు దక్కావు, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. బాతు పోయిన బాధ ఒక ఎత్తు, నాకు చెప్పకుండా నా చేతనే పట్టించడం ఒక ఎత్తు. చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని. ఏడ్చి ఏడ్చి చివరికి నేనే ఇచ్చేదాన్నేమో. ఆ రోజే దేవుడికి ఒక మాట ఇచ్చాను, నా కోసం ఏ ప్రాణి ప్రాణమూ పోకూడదని. నలభై ఏళ్ళుగా నిలబెట్టుకుంటున్నాను. నీ పెళ్ళి భోజనాల్లో నేను పెరుగన్నం తిని లేచిపోతే మీ మావగారు నొచ్చుకున్నారు, గుర్తుందిగా.

మనిషి ప్రాణం గొప్పది, జంతువు ప్రాణం అంతది కాదు అని అందరూ అంటారు. దేవుడు ఆ మాట అని ఉంటే నా చెవిన పడలేదు.

లోహం వాల్వు వెయ్యడం కుదరదంటే ఆపరేషనే వద్దు. ఇది అలిగి అంటున్న మాట కాదు.

ఎప్పుడూ నీ మేలు కోరే
అక్క


గడియారాల కొట్టు,
ఫిబ్రవరి 16

అక్కకి తమ్ముడి నమస్కారాలు.

నీ ఉత్తరం నా చేతికివ్వకుండా మీ మరదలే పైకి చదివింది, నేను దాని పెదాలు చూస్తూ కూర్చున్నాను. "పంది" దగ్గర ఆగిపోయి, "నీ అక్క నన్ను తిడుతోందా?" అంది. కాదని నమ్మించేసరికి అన్నం చల్లారిపోయింది.

నా చెవుల సంగతి చెప్పుకోవాలంటే కుడిది పూర్తిగా మూతపడింది, ఎడమది అప్పుడప్పుడూ పలకరిస్తోంది. గడియారం నడుస్తోందో లేదో ఇప్పుడు దవడ ఎముకకి ఆనించి చూసుకుంటున్నాను. ఎముకకి బాగా తెలుస్తుంది. కొట్టుకొచ్చిన వాళ్ళు మాత్రం, ఈయనేంటి మా వాచీని ముద్దు పెట్టుకుంటున్నాడు అని చూస్తున్నారు.

నువ్వు కంగారుపడకు. లోహం అంటే నా శాఖే కదా. డాక్టరుగారు ఒప్పుకుంటే స్క్రూలు నేనే బిగిస్తాను. నీ మాటే నా మాట. నీతో వాదించి గెలిచినవాడు మన ఇంట్లో లేడు. నువ్వు గొంతు పెంచవు, చిక్కంతా అక్కడే. మెల్లగా "వద్దురా" అంటావు, ఇక ఎవరి తరమూ కాదు.

బాతు నాకు లీలగా గుర్తు. జ్వరంలో ఉన్నాను కదా.

నిజం చెప్పాలంటే నేను పందుల గురించి అంతగా ఆలోచించిన మనిషిని కాను. మా వీధి చివర మాంసం కొట్టు ముందు నుంచే రోజూ నడుస్తాను, తల కూడా తిప్పను. కానీ నీకది మాట. నాకు నువ్వు మాట. లోహందే వేయిస్తాను, ఒట్టు.

మూడు వారాలు కొట్టు మూసి వస్తున్నాను. నేను వచ్చేదాకా బరువులు ఎత్తకు.

తమ్ముడు


నా గది,
ఏప్రిల్ 2

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నువ్వు రైలెక్కి పన్నెండు రోజులైంది. ఈ ఉత్తరం నా చేత్తో రాస్తున్నాను చూడు, అక్షరాలు వణకడం లేదు. నిన్న మెట్లు ఎనిమిది ఎక్కి దిగాను. దిగి, మళ్ళీ ఎక్కాను, ఊరికే, సంతోషానికి.

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు నెత్తురు కక్కుకున్నాక నాకు సగం సగమే గుర్తున్నాయి. కడుపులో పాత పుండు మళ్ళీ లేచిందని ఎవరో అనడం గుర్తుంది. నువ్వు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉండటం గుర్తుంది. ఎప్పుడు కళ్ళు తెరిచినా ఆ స్టూలు మీద నువ్వే. కాగితాలు తెచ్చి "ఇక్కడ సంతకం పెట్టక్కా, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించావు, పెట్టాను. ఆ పొద్దున డాక్టరుగారు వచ్చి, "అన్నీ మాట్లాడుకున్నారు కదమ్మా?" అన్నారు. "మా తమ్ముడు అన్నీ చూసుకున్నాడండీ" అన్నాను. అప్పుడు నీ మొహం చూసి, పిచ్చి సన్నాసి, నాకంటే వీడే ఎక్కువ భయపడుతున్నాడు అనుకున్నాను.

పక్క మంచం పిన్ని నిన్న చూడటానికి వచ్చింది. అదే, దర్జీ పిన్ని. ఆవిడకీ లోహం వాల్వే కదా. ఆవిడ గదిలోకి వస్తుంటేనే వినిపిస్తుంది, టిక్కు టిక్కుమని. "నా మొగుడు బతికున్నప్పుడు నా మాటే వినేవాడు కాదు, ఇప్పుడు నా గుండె కూడా వీధంతా వింటోందమ్మాయ్" అని ఒకటే నవ్వు. నాది అంత గట్టిగా వినబడదు. పడుకుని, ఎడమ చెయ్యి చెంప కింద పెట్టుకున్నప్పుడు మాత్రం చక్కగా తెలుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఒక్క ప్రాణికి కూడా నొప్పి కలగకుండా దేవుడు నన్ను నిలబెట్టాడు. గనిలో తవ్విన ఇనుము, కొలిమిలో కాలిన ఇనుము. దానికి తల్లి లేదు, పిల్లల్లేవు.

నాకు మెలకువ వచ్చేసరికే నువ్వు నా చేతికి పెట్టేసిన వాచీ తియ్యడమే లేదు. నాడి చూసుకోమన్నావు కదా, దాని ముల్లు చూస్తూనే గుండె చప్పుడు లెక్కపెడతాను. నిమిషానికి అరవై. ఎప్పుడు లెక్కపెట్టినా సరిగ్గా అరవయ్యే. పిన్నిది మెట్లెక్కితే తొంభై దాటుతుందట. నాది ఎక్కినా అరవై, దిగినా అరవై. పిన్ని కుళ్ళుకుంది.

నువ్వు రాసిచ్చిన మందుల చీటీ ప్రకారమే వేసుకుంటున్నాను. ఫైలు నీ సంచిలోనే ఉండిపోయినట్టుంది, వీలు చూసి పంపు.

నా మాట నిలబెట్టావు. అమ్మానాన్నలు నాకు చెయ్యనిది నువ్వు చేశావు. నీ పేరు చెప్పకుండా నా ప్రార్థన ముగియడం లేదు.

ఎప్పుడూ నీ మేలు కోరే
అక్క


గడియారాల కొట్టు,
ఏప్రిల్ 14

అక్కకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. నువ్వు మెట్లెక్కావంటే అంతకంటే కావలసిందేముంది.

కొట్టులో పని పేరుకుపోయింది, అందుకే పొట్టిగా రాస్తున్నాను. వాచీ నీళ్ళల్లో తడపకు. తియ్యకు. నెత్తురు పలచగా చేసే మాత్ర మూడు నెలలకి డాక్టరుగారు ఆపేస్తారు. పిన్నికి ఆపలేదు, నాకెందుకు ఆపారని బెంగపెట్టుకోకు. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో రకం. పిన్నితో మందుల కబుర్లు ఎక్కువ పెట్టుకోకు, ఆవిడకి తెలిసింది తక్కువ, చెప్పేది ఎక్కువ.

ఫైలు వెతుకుతాను.

నన్ను మరీ అంత పొగడకు అక్కా. ప్రార్థనలో నా పేరు ముందు పెట్టకు, ఎక్కడో చివర పెట్టు చాలు.

తమ్ముడు


బైండింగ్ గది,
జూలై 21

తమ్ముడికి,

మొన్న మధ్యాహ్నం పన్నెండు దాటాక, కుడుతున్న పుస్తకం పక్కన పెట్టి, బల్ల మీద తల వాల్చాను. చెయ్యి చెంప కింద పెట్టుకున్నాను. చప్పుడు లేదు.

చెయ్యి మార్చాను. లేచి కూర్చుని ఊపిరి బిగబట్టాను. లేదు. ఆసుపత్రికి వెళ్ళాను. నువ్వు ఎరిగిన నర్సే, బొద్దుగా ఉండే అమ్మాయి, తనే ఉంది. "సిస్టర్, నా వాల్వు ఆగిపోయింది, టిక్కుమనడం లేదు" అన్నాను. ఆ పిల్ల నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నాడి చూసి, లోపలికెళ్ళి నా రికార్డు తెచ్చింది. తిరగేసి, నవ్వింది. నవ్వులో తప్పేం లేదు, తనకేం తెలుసు.

"ఏంటమ్మా మీరు, హడలగొట్టేశారు! మీది ఎప్పుడు టిక్కుమంది? మీది పందిది కదా. అది చప్పుడు చెయ్యదు. హాయిగా ఉంటుంది" అంది.

"కాదమ్మా, రోజూ వింటున్నాను" అన్నాను.

ఆ పిల్ల మళ్ళీ నాడి చూద్దామని నా చెయ్యి పట్టుకుంది, అక్కడే ఆగింది. "మీ వాచీ ఆగిపోయింది చూసుకున్నారా?" అంది. చూశాను. ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ దగ్గర ఆగిపోయి ఉంది.

నాలుగు నెలలు. నాలుగు నెలలపాటు నీ వాచీ చప్పుడు విని దేవుడికి దణ్ణం పెట్టాను. దాన్ని చూస్తూ దాన్నే లెక్కపెట్టి, సరిగ్గా అరవై అని పిన్నికి గొప్పలు చెప్పుకున్నాను. నువ్వు నా ఉత్తరం చదివి నవ్వుకున్నావో, ఏం చేశావో.

రికార్డులో నా సంతకం ఉంది. నువ్వు వేలు పెట్టి చూపించిన చోట. పైన ఏముందో నేను చదవలేదు. పుస్తకాలు కుట్టే మనిషిని, చదవకుండా సంతకం పెట్టాను. ఎందుకంటే పెట్టమన్నది నువ్వు.

టీచరమ్మ కథ నేను ఈ లోకంలో ఒక్కడికే చెప్పాను. అమ్మకి చెప్పలేదు, నాన్నకి చెప్పలేదు, నా పక్కన పాతికేళ్ళు కూర్చుని పనిచేసిన లైబ్రేరియన్ గారికి చెప్పలేదు. నీకు చెప్పాను. నువ్వు దాన్ని తీసుకుని, ఎలా చేస్తే నాకు తెలియకుండా ఉంటుందో నేర్చుకున్నావు. అప్పుడు గిన్నె నా చేతిలో పెట్టారు. ఇప్పుడు నా లోపలే పెట్టి కుట్టేశారు.

దాని గుండె నా గుండెకి అంత బాగా సరిపోయిందంటే, ఇద్దరికీ లోపల ఒకే కొలతలంటే, దానికంటే నేను ఎందులో ఎక్కువ? నేను మంచం మీద ఉంటే నువ్వు స్టూలు వేసుకుని కూర్చున్నావు. దాని పక్కన ఎవరూ కూర్చుని ఉండరు. అంతేనా తేడా?

వాచీ పార్సిల్‌లో పంపుతున్నాను.

అక్క


గడియారాల కొట్టు,
జూలై 29

అక్కా,

పార్సిల్ వచ్చింది. వెనక మూత తీసి చూశాను. సెల్లు అయిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఈ బల్ల ముందు కూర్చుని, కొత్త సెల్లు వెయ్యకుండా ఒక్క గడియారం కూడా చేతిలోంచి బయటికి పంపలేదు. ఎవరూ తీసుకెళ్ళని వాచీల డబ్బా ముందేసుకుని, ఏది గట్టిగా కొట్టుకుంటుందో అని ఒక్కొక్కటీ దవడకి పెట్టి పెట్టి ఏరాను. దొరికిందన్న ఆత్రంలో సెల్లు మార్చడం మరిచిపోయాను. మీ మరదలు, "అబద్ధం ఆడటం కూడా చేతకాదు నీకు" అంది. అది కూడా నీ పక్షమే.

జరిగింది చెప్తాను. నువ్వు నెత్తురు కక్కుకున్న రోజు డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచారు. లోహంది వేస్తే బతికినన్నాళ్ళూ నెత్తురు పలచగా చేసే మాత్ర వేసుకోవాలి, ఈ కడుపు పుండుతో ఆ మాత్ర వేసుకుంటే ఈవిడ ఆర్నెల్లు కూడా ఉండదు అన్నారు. "పందిది వేద్దాం, ఆవిడకి మీరు చెప్పి ఒప్పించండి, ఆవిడ సరేనంటేనే" అన్నారు. సరేనన్నాను. నీ దగ్గరికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. నువ్వు కళ్ళు తెరిచి, "లోహందే కదురా?" అన్నావు. "లోహందే" అన్నాను. ఒక్క మాట. అంతకంటే తేలికైన మాట నేను జన్మలో అనలేదు. బయటికి వెళ్ళి డాక్టరుగారితో, "మా అక్క ఒప్పుకుంది" అన్నాను.

నిజం చెప్పి ఉంటే ఏం చేసేదానివి? మెల్లగా "వద్దురా" అనేదానివి. అప్పుడు నేను ఆ స్టూలు మీద కూర్చుని నువ్వు పోవడం చూడాలి. నీ దేవుడు నిన్ను మెచ్చుకునేవాడు. నేను ఒక్కణ్ణే ఇంటికి వచ్చేవాణ్ణి.

మనిషి ప్రాణం ఎక్కువా, పంది ప్రాణం ఎక్కువా అని నేను ఆలోచించలేదు. నేను ఆలోచించింది మా అక్క గురించి. ఆ మంచం మీద ఇంకెవరో ఉంటే ఏమనేవాణ్ణో నాకు తెలియదు. నేను చదువుకున్నవాణ్ణి కాను, ధర్మం తెలిసినవాణ్ణి అంతకన్నా కాను. నువ్వు అడిగావు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. నువ్వు పుస్తకాలకి గుడ్డ అట్టే వేస్తావు, తోలు ముట్టవు, నాకు తెలుసు. ఆ అట్ట అంటించే జిగురు దేంతో చేస్తారో ఎప్పుడైనా అడిగావా? ఎముకలు ఉడికించి చేస్తారు. ఇరవై ఏడేళ్ళుగా నీ వేళ్ళకి ఉన్నది అదే. అయినా నువ్వు మంచిదానివే. నేనూ అంత చెడ్డవాణ్ణి కాను.

ఇంకొకటి ఉంది. ఇది రాయకుండా ఉత్తరం ముగిద్దామని రెండుసార్లు చూశాను.

బాతు నాకు లీలగా గుర్తు అని రాశాను. అబద్ధం. నా మంచం పెరటి కిటికీ పక్కన ఉండేది. నాన్న దాన్ని చంకలో పెట్టుకుని తీసుకెళ్ళడం చూశాను. ఎర్ర రిబ్బను కాలు వేలాడుతోంది. అది అరవలేదు, నాన్న మొహంలోకి చూస్తోంది, అన్నం పెడతాడేమో అన్నట్టు. తర్వాత నువ్వు గిన్నె తెచ్చావు. ఊది ఊది నా నోట్లో పోశావు. నాకు తెలుసు అక్కా, అందులో ఏముందో. ఆకలేసింది. తాగాను. ఇంకొంచెం అన్నాను.

అప్పుడూ నిన్ను మోసం చేశాను, ఇప్పుడూ చేశాను. కానీ రెండుసార్లూ మనలో ఒకళ్ళం బతికాం. అబద్ధం చెప్పినందుకు కాళ్ళు పట్టుకుంటాను. నువ్వు బతికినందుకు మాత్రం నా చేత తప్పు ఒప్పించలేవు.

తమ్ముడు


గడియారాల కొట్టు,
సెప్టెంబర్ 10

అక్కా,

ఆరు వారాలైంది. ఒక్క అక్షరం లేదు. నువ్వు కుశలమేనా అని లైబ్రరీకి ఫోన్ చేయించాను. "ఇక్కడే ఉన్నారు, పుస్తకం కుడుతున్నారు, రానంటున్నారు" అన్నారట. ఆ మాట మీ మరదలు అరవకుండా, కాగితం మీద రాసి చూపించింది.

వాచీకి కొత్త సెల్లు వేసి పంపుతున్నాను. నీ దగ్గర ఇంకో గడియారం లేదు కదా. అందుకే, మరేం లేదు. తిట్టాలనుకుంటే తిట్టు, రాయి.

తమ్ముడు


బైండింగ్ గది,
అక్టోబర్ 6

తమ్ముడికి,

మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. ఇది నాలుగోది.

ఆరేళ్ళ పిల్లాడిని నేను ఏమీ అనను. వాడికి ఆకలేసింది, పెద్దవాళ్ళు పెట్టారు, తాగాడు. వాడు ఇప్పుడు నా ముందుకొస్తే మళ్ళీ గిన్నె పట్టుకుంటాను. కానీ నలభై ఏళ్ళు నా పక్కన కూర్చుని, నేను పెరుగన్నం తింటుంటే చూస్తూ, ఎందుకు తింటున్నానో తెలిసి, నోరు విప్పని వాడు ఆరేళ్ళ పిల్లాడు కాదు. ఫిబ్రవరిలో నా గుండె విప్పి కాగితం మీద పెడితే "లీలగా గుర్తు" అని రాసిన వాడు అంతకన్నా కాదు. ఆ ఇంట్లో నిజం తెలియనిదాన్ని నేనొక్కదాన్నే అనుకోలేదు ఎప్పుడూ. నీకూ తెలియదనుకున్నాను. ఇద్దరం పిల్లలం, ఇద్దరినీ మోసం చేశారు అనుకుని, ఆ ఒక్క సంగతికి నిన్ను ఇంకొంచెం దగ్గరగా చూసుకున్నాను. ఇప్పుడు ఆ ఇంట్లో నా పక్కన ఎవరూ లేరు.

జిగురు సంగతి లైబ్రేరియన్ గారిని అడిగాను. నువ్వన్నది నిజమే. రెండు రోజులు డబ్బా మూత తియ్యలేకపోయాను. మూడో రోజు పిల్లల పుస్తకం ఒకటి వచ్చింది, వీపు పూర్తిగా ఊడిపోయి. తీసి అంటించాను. తర్వాత పిండి జిగురు కాచుకోవడం మొదలుపెట్టాను. అది బాగా పట్టదు. మళ్ళీ మళ్ళీ అంటించాలి.

ఇక నేను దాచింది కూడా చెప్పాలి. లేకపోతే నీకూ నాకూ తేడా ఉండదు.

వాచీ ఆగిన రోజు "ఆసుపత్రికి వెళ్ళాను" అని రాశాను కదా. వెళ్ళలేదు. పరుగెత్తాను. చేతిలో సూది, దారం అలాగే ఉన్నాయి. చెప్పులు గదిలోనే వదిలేశాను. మూడు వీధులు, మిట్టమధ్యాహ్నం, యాభై ఏళ్ళ ఆడమనిషి. సైకిలు మీద వస్తున్న ఆయన్ని గుద్దుకుంటే, "చూసుకోమ్మా, ప్రాణం మీదికి తెచ్చుకుంటావు" అన్నాడు. దారిపొడుగునా నేను దేవుణ్ణి ఒకటే అడిగాను, నన్ను చంపకు అని. నా ప్రాణం నాకివ్వు అని. ఎక్కడినుంచి తెచ్చిస్తావు అని అడగలేదు. ఆ మూడు వీధుల్లో ఎవరైనా నన్ను ఆపి, వంద పందుల్ని కోస్తాం, సరేనా అని అడిగితే, సరే అనేదాన్ని. వంద కాదు, ఎన్నంటే అన్ని.

నలభై ఏళ్ళుగా నిలబెట్టుకున్న మాట మూడు వీధులు కూడా నాతో పరుగెత్తలేకపోయింది. నువ్వు నన్ను మోసం చేశావని నీ మీద కోపం. ఆ దారిలో నన్ను నేనే చూసుకున్నాను కాబట్టి ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మనిషి ప్రాణం ఎందుకు గొప్పదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ప్రాణం మనది అయినప్పుడు మాత్రం, గొప్పదా కాదా అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

అందుకని నువ్వు చేసింది ఒప్పైపోదు. ఇది నిదానంగా చదువు. చెప్పి ఉంటే నేను వద్దనేదాన్ని అని రాశావు. అనేదాన్నేమో. ఏడ్చేదాన్ని. రెండు రోజులు నీతో మాట్లాడేదాన్ని కాదు. ఆ తర్వాత, చావు దగ్గరికి వచ్చి కూర్చున్నాక, నేను ఎంత పిరికిదాన్నో నాకే తెలిసి, నోరు తెరిచి అడిగేదాన్నేమో. అడిగి తీసుకుని ఉంటే నేను దానికి రుణపడి ఉండేదాన్ని. ఇప్పుడు దొంగసొత్తు దాచుకున్నట్టు ఉంది. ఆ రుణం కూడా నాకు దక్కకుండా చేశావు.

డాక్టరుగారిని కలిశాను. ఆయన నా ముందు తలెత్తుకోలేక, "మీ తమ్ముడు అలా చెప్తాడనుకోలేదమ్మా, నేను మిమ్మల్నే అడగాల్సింది" అన్నారు. ఈ వాల్వు పది, పన్నెండేళ్ళు వస్తుందట. ఆ తర్వాత మళ్ళీ మార్చాలి. మళ్ళీ అదే ప్రశ్న వస్తుంది. అప్పుడు నేనేం చెప్తానో ఇప్పుడు చెప్పలేను, అంత ధైర్యం పోయింది నాకు. నువ్వు రావాలనుకుంటే రా. స్టూలు మీద కూర్చో. కాగితం మాత్రం నా చేతికివ్వు.

ప్రార్థనలో నీ పేరు ఉంది. నువ్వు కోరినట్టే చివరికి మార్చాను. నీకంటే ముందు ఇప్పుడు ఇంకొకరున్నారు. పేరు లేదు. పేరు పెట్టడానికి నేనెవరిని. మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చినప్పుడు దాని కోసం వింటాను. ఏమీ వినబడదు. ఉన్నానని కూడా చెప్పుకోదు. దాని పని అది చేసుకుపోతుంది.

నువ్వు పంపిన వాచీ అందింది. సొరుగులో పెట్టి మూశాను. దాని మీద గుడ్డలు కప్పాను. అయినా గదంతా వినిపిస్తోంది. మరదలి చేతికి అందేలా తిప్పి పంపుతున్నాను. నీకు వినబడదు కదా, నీ దగ్గరే ఉండనీ.

అక్క